నెట్‌లో పాత తెలుగు పుస్తకాలు, పటాలు, గొంతులు: వెతికి పట్టుకునే పద్ధతి

పాత తెలుగు పుస్తకం పేరు తెలుగులో కొట్టి వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. నెట్‌లో లేదేమోనని వదిలేస్తాం. నిజానికి ఉంటుంది. కాకపోతే తెలుగు లిపిలో ఉండదు. స్కానింగ్ కేంద్రంలో ఎవరో ఇంగ్లిష్ అక్షరాల్లో తోచినట్టు కొట్టిన పేరుతో ఉంటుంది. ఆ పేరు ఎలా కొట్టి ఉంటారో ఊహించడమే ఇక్కడ అసలు పని. అది అలవాటైతే 1900 నాటి వంట పుస్తకాలు, వైద్య గ్రంథాలు, పంచాంగాలు, స్కూలు వాచకాలు, పాత పత్రికల ప్రకటనలు అన్నీ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, అదీ పైసా ఖర్చు లేకుండా.

సరుకు ఎక్కడుంది

ఎక్కువ భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది. చిరునామా ఆర్కైవ్ డాట్ ఆర్గ్. బ్రూస్టర్ కాల్ 1996లో మొదలుపెట్టిన లాభాపేక్ష లేని సంస్థ ఇది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి కేంద్రాల్లో లైబ్రరీ పుస్తకాలను స్కాన్ చేసి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో పెట్టారు. ఆ పాత సైటు ఇప్పుడు లేదు. అందులోని పుస్తకాలు చాలావరకు ఆర్కైవ్‌కు చేరాయి. చిరునామాలో డీఎల్ఐ అన్న మూడు అక్షరాలు, 2015 అన్న అంకె కనిపిస్తే అది ఆ సంచిలోంచి వచ్చిన పుస్తకమే. ఆ 2015 చూసి పుస్తకం అచ్చైన సంవత్సరం అనుకోకండి, దానికీ అచ్చుకీ సంబంధం లేదు.

వెతకడం

పాకశాస్త్రం అన్న ఒక్క మాట తీసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు పా దగ్గర ఎ ఒకటి పెట్టవచ్చు, రెండు పెట్టవచ్చు. శ కి ఎస్ ఒక్కటే చాలనుకోవచ్చు, ఎస్‌హెచ్ అనుకోవచ్చు. త కి టి రాయవచ్చు, టిహెచ్ రాయవచ్చు. చివర ఎమ్‌తో ఆపవచ్చు, గ్రాంథికంగా ఎమ్‌యూ దాకా పోవచ్చు. పాక, శాస్త్రం మధ్య ఖాళీ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఐదు చోట్ల రెండేసి దారులంటే 32 రకాలు. వీటిలో ఏది కొట్టారో ఎవరికీ తెలియదు. అదే పుస్తకం రెండో ప్రతిని ఇంకో కేంద్రంలో ఇంకోలా కొట్టి ఉంటారు కూడా. అందుకని పూర్తి పేరుతో మొదలుపెట్టవద్దు. ఇలా వెళ్లండి:

1. ఆర్కైవ్ వెతుకు పెట్టె కింద రెండు ముఖ్యమైన దారులుంటాయి. ఒకటి మెటాడేటాలో, అంటే పుస్తకం పేరు, రచయిత వంటి వివరాల్లో వెతకడం, రెండోది పుస్తకం లోపలి పాఠంలో వెతకడం. మొదట మెటాడేటా ఎంచుకోండి. తెలుగు స్కాన్లు చాలావాటికి అప్పట్లో అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ పనిచేయలేదు కాబట్టి లోపలి పాఠం ఖాళీగా ఉంటుంది, లేదా చెత్తగా ఉంటుంది.

2. పేరులో వివాదం లేని ముక్కను మాత్రమే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, చివర * గుర్తు పెట్టండి. వేమన అయితే మొదటి వే దగ్గర ఇ ఒకటా రెండా అన్న గొడవ ఒక్కటే. అలాంటివి రెండు రూపాలూ కొట్టి మధ్యలో పెద్ద అక్షరాలతో ఆర్ (OR) అని ఉంచండి. * గుర్తు మాట చివరే పెట్టండి, మాట మొదట్లో పెడితే ఫలితాల మీద ఆశ పెట్టుకోవద్దు.

3. ఫలితాల పక్కన ఎడమవైపు కనిపించే వడపోతల్లో భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. ఒకే భాష అక్కడ రెండు మూడు రూపాల్లో కనిపించవచ్చు, ఒక చోట పూర్తి పేరు, ఇంకో చోట మూడక్షరాల కోడ్. అన్నీ టిక్ చేయండి. తెలుగు లిపిలో అచ్చైన సంస్కృత గ్రంథాలు కొన్ని సంస్కృతం కింద, కొన్ని తెలుగు కింద పడి ఉంటాయి. వెతికేది స్తోత్రమో శాస్త్రమో అయితే రెండూ చూడాలి.

4. పేరుతో దొరకకపోతే రచయిత ఇంటిపేరుతో, అదీ కాకపోతే ప్రచురణకర్త పేరుతో వెతకండి. నిజం చెప్పాలంటే ఇదే బంగారు దారి. మద్రాసు వావిళ్ల వారి పేరు కొట్టి చూడండి. కావ్యాలు, వ్యాకరణాలు, శతకాలు వరుసగా వచ్చి పడతాయి. విజ్ఞాన చంద్రికా మండలి పేరుతో వెతికితే 20వ శతాబ్దం మొదటి దశకాల్లో చరిత్ర, విజ్ఞాన శాస్త్రం తెలుగులో ఎలా రాశారో చూడవచ్చు. ఆ మండలి 1906లో హైదరాబాద్‌లో పుట్టింది.

5. ఒక మంచి పుస్తకం దొరికాక, దాని పేరును ఎలా కొట్టారో గమనించండి. దీర్ఘానికి రెండు అక్షరాలు వేశారా, సున్న దగ్గర ఎన్ వేసి పక్కన ఒంటి కొటేషన్ గుర్తు పెట్టారా, శ్రీ కి ఐ రెండుసార్లు వచ్చిందా చూసి, తర్వాతి వెతుకులాటలో అదే తీరు వాడండి.

తేదీల వడపోతను నమ్మవద్దు. ఆ గడి ఖాళీగానో తప్పుగానో ఉన్న పుస్తకాలు బోలెడు, వడపోత పెడితే అవి జల్లెడలోంచి జారిపోతాయి. సంవత్సరం తెలియాలంటే పుస్తకం తెరిచి ముఖపత్రం చూడాల్సిందే.

ముఖపత్రం మీది సంవత్సరం

అక్కడ ఇంకో చిక్కు వస్తుంది. పాత ముఖపత్రాల మీద క్రీస్తు శకం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అంకెలు ౧, ౨, ౩ అని తెలుగులో ఉండొచ్చు. శాలివాహన శకం వేస్తే దానికి 78 కలపండి. నిజాం ఇలాకాలో అచ్చైనవాటి మీద ఫసలీ ఉంటే 590 కలపండి. ఫసలీ 1350 అంటే 1940–41.

ఒక్క తెలుగు సంవత్సరం పేరే ఉంటే లెక్క ఇలా కట్టాలి. ప్రభవ 1987లో మొదలైంది. అంతకు ముందు ప్రభవలు 1927, 1867. ప్రభవ నుంచి ఎన్నోదో లెక్కపెట్టి, ఒకటి తీసేసి కలపండి. యువ తొమ్మిదోది కాబట్టి 1927కు 8 కలిపితే 1935, లేదంటే 1867కు 8 కలిపి 1875. ఈ రెంటిలో ఏదో కాగితం, అచ్చు, ధర చూస్తే తెలిసిపోతుంది. అణాల్లో ధర ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదే. అప్పుడే నయాపైసలు వచ్చాయి.

చాలామంది పొరబడేది నెల దగ్గర. సంవత్సరం ఉగాదితో మారుతుంది, జనవరితో కాదు. యువ సంవత్సరం మాఘ మాసపు సంచిక అంటే 1935 కాదు, 1936 మొదట్లో వచ్చింది. పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా ఇలా ఒకటి కలపాలి. పత్రికల సంచికలు వరుసలో పెట్టుకునేటప్పుడు ఇది మరిస్తే మొత్తం క్రమం తారుమారవుతుంది.

పత్రికలు, వాటి ప్రకటనలు

సరదాకి చదవాలంటే పుస్తకాలకన్నా పత్రికలే మేలు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని ప్రారంభించారు. కె.ఎన్. కేసరి గారి గృహలక్ష్మి 1928లో మద్రాసు నుంచి వచ్చింది. వీటి సంచికలు ఆర్కైవ్‌లో అక్కడక్కడ దొరుకుతాయి, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలతో సహా. కథలు, వ్యాసాలు ఎలాగూ చదువుతారు, ముందు మొదటి నాలుగు పుటలు, చివరి నాలుగు పుటలు తిప్పండి. అమృతాంజనం, లోధ్ర, జుట్టు నూనెలు, గ్రామఫోన్ పెట్టెలు, వాచీలు, జాతకాలు అన్నీ అక్కడే ఉంటాయి. అమృతాంజనం నాగేశ్వరరావు గారిదే, లోధ్ర కేసరి గారిదే. మందు అమ్మిన డబ్బుతో పత్రిక నడిచింది, పత్రికలో మందు ప్రకటన వచ్చింది. ఈ సంగతి ఆ పుటల్లో కంటికి కనపడుతుంది.

ఒక పుటను ఎవరికైనా పంపాలంటే, ఆర్కైవ్ రీడర్‌లో ఆ పుట తెరిచి ఉండగా పైన చిరునామా కాపీ చేయండి. అందులో పేజీ అన్న మాట తర్వాత ఎన్ అక్షరం, ఒక అంకె ఉంటాయి. అది స్కాన్ చేసిన కాగితాల వరుస సంఖ్య, పుస్తకంలో అచ్చైన పుట సంఖ్య కాదు. అట్ట, ముఖపత్రం, విషయసూచిక కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి రెంటికీ పది, ఇరవై తేడా మామూలే. ఎక్కడైనా ఉటంకించేటప్పుడు అచ్చైన పుట సంఖ్యే రాయండి.

దింపుకునేటప్పుడు పీడీఎఫ్ చాలు అనిపిస్తుంది. సన్నని అక్షరాలు, ఒత్తులు అలుక్కుపోయినట్టుంటే మాత్రం డౌన్‌లోడ్ జాబితాలో జేపీ2 అని ఉన్న జిప్ ఫైలు చూడండి. బొమ్మలు పీడీఎఫ్‌లో కన్నా తక్కువ కుదించి ఉంటే ఒత్తులు తేటగా కనపడతాయి. సైజు బాగా ఎక్కువ, ఫోన్ డేటా మీద దింపకండి. డీఎల్ఐ స్కాన్లలో ఫొటోలు నల్లముద్దలుగా ఉంటే చేయగలిగిందేమీ లేదు. అవి నలుపు తెలుపుల్లోనే స్కాన్ చేశారు, మధ్య ఛాయలు పోయాయి. వేరే ప్రతి ఉందేమో వెతకడమే దారి.

అర్థం కాని మాట వస్తే

ఆంధ్రభారతి నిఘంటు శోధన ఒక ట్యాబ్‌లో ఎప్పుడూ తెరిచి ఉంచుకోండి. ఒకే పెట్టెలో మాట కొడితే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ ఇలా చాలా నిఘంటువుల్లోంచి ఒకేసారి అర్థాలు వస్తాయి. ఇంత పనికొచ్చే తెలుగు సైటు ఇంకోటి లేదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

మాట దొరక్కపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, మనం ఇవాళ్టి రూపం కొట్టడం. పాత నిఘంటువుల్లో పుస్తకం లేదు, పుస్తకము ఉంది. చేయడం లేదు, చేయు ఉంది. రావడం కోసం వచ్చు దగ్గర చూడాలి. కాబట్టి సున్న తీసేసి ము పెట్టండి, క్రియను ఉకారంతో ముగించండి. అదీ కాకపోతే మొదటి రెండక్షరాలు కొట్టి, వాటితో మొదలయ్యే మాటలన్నీ చూపమనండి.

ఇంగ్లిష్ అర్థం కావాలంటే షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువుల సైటుకు వెళ్లండి. అక్కడ బ్రౌన్ నిఘంటువు 1903 నాటి రెండో ముద్రణ, గ్విన్ 1991 నాటి నిఘంటువు రెండూ ఉన్నాయి. గ్విన్‌లో వాడుక రూపాలే ఉంటాయి, అందుకని వార్తాపత్రిక భాషకు అది, పద్యానికీ పాత ఉత్తరానికీ బ్రౌన్. అక్కడ ఆరోపాలు, అంటే అర్థం ఇచ్చిన మూలపదాలు మాత్రమే కాక నిఘంటువు మొత్తంలో వెతికే వీలూ ఉంది. ఏదైనా చేప పేరో చెట్టు పేరో ఇంగ్లిష్‌లో కొట్టి మొత్తంలో వెతకండి. దానికి 19వ శతాబ్దంలో తెలుగువాళ్లు వాడిన పేర్లు బయటపడతాయి. గంటలు గడిచిపోతాయి, ముందే చెబుతున్నా.

నూరేళ్ల కిందటి గొంతు

అదే విశ్వవిద్యాలయం డిజిటల్ దక్షిణాసియా లైబ్రరీలో బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ నడిపిన భారతీయ భాషల సర్వేకు సంబంధించిన గ్రామఫోన్ రికార్డులున్నాయి. 1913 నుంచి 1929 మధ్య చేసినవి. భాషల జాబితాలో తెలుగు నొక్కి వినండి. బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథను చాలా భాషల్లో చెప్పించారు కాబట్టి తెలుగు విన్నాక పక్కనే తమిళం, కన్నడం, గోండి కూడా వింటే పోల్చుకోవడం తేలిక. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. స్పీకర్లో గరగర శబ్దం మాటను మింగేస్తుంది. రేడియో నాటకాలు, ప్రసంగాలు వినాలనిపిస్తే 1998 నుంచి నడుస్తున్న ఈమాట పత్రికలో ఆడియో విభాగం చూడండి.

మీ ఊరు పాత పటంలో

టెక్సస్ విశ్వవిద్యాలయం వారి పెరీ-కస్టన్యేడా పటాల సేకరణలో అమెరికా సైన్యం 1950ల్లో వేసిన భారతదేశపు పటాలున్నాయి. వరుస పేరు యూ502, స్కేలు 1:2,50,000. అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద రెండున్నర కిలోమీటర్లు.

ముందు సూచిక పటం తెరవండి. దేశమంతా గళ్లు గళ్లుగా ఉంటుంది, మీ జిల్లా ఏ గడిలో పడిందో చూసి దాని సంఖ్య రాసుకుని, జాబితాలో ఆ సంఖ్య మీద నొక్కితే పటం తెరుచుకుంటుంది. ఊరు రెండు గళ్ల అంచున ఉంటే రెండూ దింపుకోవాలి. పక్కన గూగుల్ ఎర్త్ ప్రో తెరిచి, గడియారం బొమ్మ నొక్కి పాత ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరుపుతూ పోల్చండి. నాగార్జునసాగర్ నిర్మాణం 1955లో మొదలైంది కాబట్టి ఈ పటాల్లో ఆ లోయ నీళ్లు లేకుండా, ఊళ్లతో కనిపిస్తుంది.

ఊరి పేర్లు ఇవాళ్టి స్పెల్లింగ్‌తో వెతకవద్దు. విజయవాడకు బెజవాడ, కాకినాడకు కోకనాడ, ఏలూరుకు ఎల్లోర్, మచిలీపట్నానికి మసూలిపటం, శ్రీకాకుళానికి చికాకోల్, విశాఖపట్నానికి వైజాగపటం. కృష్ణను కూడా కిస్ట్నా అనే రాసేవారు. జిల్లా మాన్యువళ్లు, అంటే బ్రిటిష్ కాలంలో ఒక్కో జిల్లా వివరాలతో వేసిన పుస్తకాలు, వెతికేటప్పుడు ఈ పేర్లు లేకపోతే పని జరగదు. కార్మైకేల్ విశాఖ మాన్యువల్ 1869, బాస్వెల్ నెల్లూరు 1873, గ్రిబుల్ కడప 1875, మోరిస్ గోదావరి 1878, మెకంజీ కృష్ణా 1883. ఇవన్నీ ఇంగ్లిష్ పుస్తకాలు గనుక వీటికి లోపలి పాఠంలో వెతకడం బాగా పనిచేస్తుంది. మీ తాలూకా పేరు కొడితే చెరువులు, సంతలు, కరువులు, పన్నుల సంగతులు నేరుగా ఆ పుటలో తెరుచుకుంటాయి. తెలంగాణ వైపువారు 1909 నాటి హైదరాబాద్ రాష్ట్ర గెజిటీర్ చూడాలి. మహబూబ్‌నగర్‌కు పాలమూరు, నిజామాబాద్‌కు ఇందూరు అని కూడా కొట్టి చూడండి.

స్కాన్ పుటను టైపు చేసిన పాఠంగా మార్చడం

పుట బొమ్మను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని మీద కుడి నొక్కు నొక్కి గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద తెలుగు అక్షరాలు వచ్చేస్తాయి. మంచి ఫలితం కావాలంటే ఒక్కో పుట విడిగా ఇవ్వండి, ఫైలు 2 ఎంబీ లోపు ఉంచండి, పుట వంకరగా ఉంటే ముందు సరిచేయండి. రెండు కాలమ్‌ల పత్రికను అలాగే ఇస్తే ఎడమ వరుస, కుడి వరుస కలిసిపోయి అర్థంలేని వాక్యాలు వస్తాయి. కాలమ్‌ను కాలమ్‌గా కత్తిరించి ఇవ్వాలి.

తప్పులు ఎక్కడొస్తాయో తెలిస్తే దిద్దడం త్వరగా అవుతుంది. పు, వు తారుమారవుతాయి. మ, వు కూడా. ద, ధ, థ ఒకదాని చోట ఒకటి వస్తాయి. అరసున్న పూర్తి సున్న అవుతుంది, లేదా ఎగిరిపోతుంది. పాత అచ్చులో పంక్తి చివర మాట విరిగితే గీత పెట్టేవారు కాదు, అందుకే మాట రెండు ముక్కలై మధ్యలో ఖాళీ వస్తుంది. ఇలా తీసిన పాఠంలో ఏదైనా వెతికేటప్పుడు పొడుగు మాట కాకుండా సగం మాట కొట్టండి.

మూతపడిన సైట్లు

పాత లంకె పనిచేయకపోతే ఆ చిరునామాను వేబ్యాక్ మెషీన్‌లో పెట్టండి, అది పాత వెబ్ పుటలను దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ విభాగం. క్యాలెండర్ మీద నీలం చుక్క ఉన్న రోజు పుట దొరుకుతుంది. ఆకుపచ్చ అంటే ఇంకో చిరునామాకు మళ్లించింది, నారింజ, ఎరుపు అంటే ఆ రోజు తప్పు వచ్చింది. చిరునామా చివర * పెడితే ఆ సైటులో దాచిన పుటలన్నిటి జాబితా వస్తుంది. 2000 నాటి తెలుగు వార్తా పుట తెరిస్తే పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు కనిపించవచ్చు. ఫైలు చెడిపోలేదు. యూనికోడ్ అలవాటు కాకముందు ఒక్కో పత్రిక తన సొంత ఫాంట్ వాడేది, అది మీ కంప్యూటర్‌లో లేదు. ఆ ఫాంట్‌కు సరిపోయే యూనికోడ్ మార్పిడి సాధనంలో ఆ గుర్తులను అతికిస్తే తెలుగు బయటికొస్తుంది.

వాడుకోవడానికి హక్కు

దొరికింది కదా అని అచ్చువేయకూడదు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కులుంటాయి. 2026లో లెక్క చూస్తే 1965 చివరిలోగా మరణించినవారి రచనలు స్వేచ్ఛగా వాడవచ్చు. పీఠిక ఇంకొకరు రాసి ఉంటే దానికి లెక్క వేరు, అనువాదకుడికి వేరు. చదువుకోవడానికి దొరకడం వేరు, తిరిగి ప్రచురించడం వేరు.

హక్కులు తీరిన పుస్తకమైతే దాన్ని తెలుగు వికీసోర్స్‌లో టైపు రూపంలోకి తేవచ్చు. స్కాన్, పాఠం పక్కపక్కనే ఉంటాయి, పోల్చి దిద్ది భద్రపరచాలి. దిద్దని పుట ఎరుపు, ఒకరు దిద్దింది పసుపు, ఇంకొకరు మళ్లీ చూసి ఆమోదించింది ఆకుపచ్చ. మీరు పసుపు చేసిన పుటను మీరే ఆకుపచ్చ చేయలేరు. మీ ఇంట్లో ఉన్న పాత పుస్తకాన్ని ఆర్కైవ్‌లోకి ఎక్కిస్తుంటే పేరు తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రెండు విధాలా ఇవ్వండి. రచయిత, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం ముఖపత్రం చూసి నింపండి, భాష గడిలో తెలుగు ఎంచుకోవడం మరవకండి. గుర్తింపు పేరు (పుస్తకం వెబ్ చిరునామాలో వచ్చేది) దగ్గర మాత్రం తొందరపడవద్దు, ఎక్కించాక దాన్ని మీరు మార్చలేరు.